యజమాని స్థానంలో చర్చి: జర్మనీ కాథలిక్ ఆసుపత్రులు, శ్రామికుల హక్కులు

జర్మనీలో ప్రభుత్వం తరువాత అత్యధికంగా ఉద్యోగాలిస్తున్నది ఎవరని అడిగితే, అక్కడ ఏళ్ళ తరబడి ఉంటున్నవారు కూడా ఏ ఫోక్స్‌వాగెన్ పేరో, సీమెన్స్ పేరో చెబుతారు. నిజానికి ఆ స్థానం క్రైస్తవ చర్చిలది. కాథలిక్ చర్చి సేవావిభాగమైన కారితాస్ నీడలో దాదాపు 7 లక్షలమంది, ప్రొటెస్టంటు సేవావిభాగమైన డియాకొనీ నీడలో 6 లక్షలకు పైగా పనిచేస్తున్నారు. ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు, శిశువిహారాలు, వికలాంగుల వసతిగృహాలు, సలహాకేంద్రాలు అన్నీ కలిపిన లెక్క ఇది. ఆ దేశపు ఆసుపత్రులలో సుమారు మూడోవంతు లాభాపేక్ష లేని సంస్థల చేతుల్లో ఉన్నాయి. వాటిలో అధికభాగం ఈ రెండు చర్చిలవే. పనిచేసేవారిలో గురువులు, మఠకన్యలు వేళ్ళమీద లెక్కపెట్టదగినంతమందే. మిగిలినవారంతా వైద్యులు, నర్సులు, వంటవారు, గుమాస్తాలు, పారిశుద్ధ్య కార్మికులు.

భారతదేశం నుంచి వెళ్ళిన నర్సుల చరిత్ర కూడా ఈ సంస్థలతోనే ముడిపడింది. 1960లలో కేరళ యువతులను అక్కడికి చేర్చినవి చాలావరకు కాథలిక్ మఠాల, మేత్రాసనాల పరిచయాలే. ఇవాళ హైదరాబాదులోనో విజయవాడలోనో బి2 స్థాయి వరకు జర్మన్ నేర్చుకుని బయలుదేరే నర్సు, లైసెన్సు పరీక్ష రాసి వెళ్ళే వైద్యుడు, ఏదో ఒక పునీతుని పేరుగల ఆసుపత్రిలో తొలి ఉద్యోగంలో చేరడం వింతేమీ కాదు. హిందువైనా, ముస్లిమైనా చాలా ఉద్యోగాలకు అభ్యంతరం ఉండదు. అయితే చేతికి వచ్చే ఒప్పందపత్రంలో ఏ.వి.ఆర్. అని మూడక్షరాలు కనబడతాయి. ఉద్యోగ ఒప్పంద మార్గదర్శకాలు అని వాటి అర్థం. ఆ మూడక్షరాల వెనుక చాలా సంగతులున్నాయి. అక్కడి జీతాన్ని నిర్ణయించేది కార్మికసంఘంతో కుదిరిన ఒప్పందం కాదు. అక్కడ దేశపు చట్టం ప్రకారం ఎన్నికయ్యే ఉద్యోగుల మండలి ఉండదు. సమ్మె చేయడం నిషిద్ధమని యాజమాన్యం భావిస్తుంది. వీధి దాటితే కనిపించే మునిసిపల్ ఆసుపత్రిలో అదే పని చేసే నర్సుకు ఈ మూడు హక్కులూ ఉన్నాయి.

దీన్ని ఒక దేశపు చట్టంలోని వింతగా వదిలేయవచ్చు. కాని శ్రామికుడికి సంఘం పెట్టుకునే హక్కు ప్రకృతిసిద్ధమైనదని 19వ శతాబ్దంలోనే లోకానికి బోధించిన మతసంస్థ ఇదే. ఆ బోధనకు పుట్టినిల్లు కూడా ఒక రకంగా జర్మనీయే.

విల్‌హెల్మ్ ఎమ్మానుయెల్ ఫాన్ కెటెలర్ 1811లో వెస్ట్‌ఫాలియా ప్రభువంశంలో పుట్టాడు. న్యాయశాస్త్రం చదివి, ప్రష్యా ప్రభుత్వోద్యోగం వదిలి గురువయ్యాడు. ఐరోపా అంతటా విప్లవాలు చెలరేగిన 1848 చివరి నెలలలో మైన్జ్ కథీడ్రల్‌లో సామాజిక సమస్యలపై వరుస ప్రసంగాలు చేశాడు. రెండేళ్ళకు ఆ నగరానికే బిషప్ అయ్యాడు. మొదట్లో అతని ఆలోచన కూడా దానధర్మాల చుట్టూనే తిరిగింది: ధనవంతుల మనసు మారితే పేదల కష్టం తీరుతుందని నమ్మాడు. 1864లో కార్మికసమస్యపై పుస్తకం రాసేనాటికి ఆ నమ్మకం సడలింది. శ్రమ అంగడిసరుకైపోయిందని, దాని ధర గిరాకీని బట్టి రోజురోజుకూ పడిపోతోందని గుర్తించాడు. కార్మికులే యజమానులుగా ఉండే ఉత్పత్తి సహకార సంఘాలు పెట్టడమెలాగో చెప్పమని సోషలిస్టు నాయకుడు ఫెర్డినాండ్ లసాల్‌కు పేరు దాచుకుని ఉత్తరం రాశాడు. ఒక బిషప్ ఒక సోషలిస్టుకు ఆకాశరామన్న ఉత్తరం రాయవలసిరావడం ఆ కాలం ఎటువంటిదో చెబుతుంది.

1869 జులైలో ఒఫెన్‌బాక్ సమీపాన ఒక యాత్రాస్థలంలో వేలాది కార్మికులు గుమిగూడారు. అక్కడ చేసిన ప్రసంగంలో కెటెలర్ వేతనాల పెంపు, పనిగంటల తగ్గింపు, విశ్రాంతిదినాలు, ఫ్యాక్టరీలలో బాలల పనిపై నిషేధం మొదలైన కోరికలను ఒక్కొక్కటిగా సమర్థించాడు. ఇంగ్లండు కార్మికసంఘాలను ఆదర్శంగా చూపాడు. అప్పటికి అతని మాటలలో దానం వెనక్కి పోయి, సంఘటిత బలం ముందుకు వచ్చింది. 1877లో అతను మరణించాడు. 1891 మే 15న పోపు 13వ లియో వెలువరించిన రేరుమ్ నొవారుమ్ అనే విశ్వలేఖ, అంటే ప్రపంచంలోని కాథలిక్కులందరికీ వర్తించే బోధనాపత్రం, కెటెలర్ వేసిన బాటలోనే నడిచింది. ఆకలికి భయపడి కార్మికుడు తక్కువ కూలికి ఒప్పుకున్నంతమాత్రాన ఆ ఒప్పందం న్యాయమైపోదని, మితంగా బతికే కార్మికుడి పోషణకు సరిపడే వేతనం ఏ ఒప్పందానికైనా ముందే ఉన్న ధర్మమని అది చెప్పింది. స్వేచ్ఛా ఒప్పందమే న్యాయమని ఆర్థికశాస్త్రం ఘోషిస్తున్న రోజులలో వచ్చిన మాట అది.

40 ఏళ్ళ తరువాత, 1931లో, పోపు 11వ పయస్ మరో విశ్వలేఖ వెలువరించాడు. దాని చిత్తుప్రతిని రాసినవాడు ఓస్వాల్డ్ ఫాన్ నెల్-బ్రౌనింగ్ అనే జర్మన్ జెసూట్. కార్ల్ మార్క్స్ పుట్టిన ట్రియర్ పట్టణంలోనే 1890లో పుట్టాడు. 101 ఏళ్ళు బతికి 1991లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మరణించాడు. కాథలిక్ సామాజిక బోధనకు 20వ శతాబ్దంలో ఇంతటి పెద్దదిక్కు మరొకరు లేరు. కార్మికసంఘాలతో జీవితాంతం సన్నిహితంగా మెలిగాడు. ఈ కథలో అతను మరోసారి కనిపిస్తాడు.

ఇక చట్టం సంగతి. 1919 నాటి వైమార్ రాజ్యాంగం 137వ అధికరణంలో, మతసంఘాలు తమ వ్యవహారాలను అందరికీ వర్తించే చట్టాల హద్దులలో స్వతంత్రంగా నిర్వహించుకుంటాయని ఉంది. 1949లో పశ్చిమ జర్మనీ తన మౌలిక చట్టాన్ని రాసుకున్నప్పుడు మత విషయాలలో కొత్తగా రాజీ కుదరక, వైమార్ అధికరణాలనే 140వ అధికరణం ద్వారా యథాతథంగా దత్తత చేసుకుంది. ఆ తరువాత ఉద్యోగుల మండలుల చట్టం 1952లో వచ్చినప్పుడు, 1972లో దాన్ని తిరగరాసినప్పుడు కూడా మతసంఘాలతో పాటు వాటి ధర్మసంస్థలను, విద్యాసంస్థలను పూర్తిగా మినహాయించారు. పెద్ద సంస్థల పర్యవేక్షక మండలిలో ఉద్యోగులకు స్థానమిచ్చే చట్టమూ వీటికి వర్తించదు. వేలమంది పనిచేసే ఆసుపత్రి, కంపెనీ రూపంలో నమోదైనా సరే, చర్చిదైతే చాలు.

ఈ మినహాయింపు మీద చర్చిలు కట్టుకున్న వ్యవస్థనే మూడవ మార్గం అంటారు. యజమాని ఏకపక్షంగా షరతులు నిర్ణయించడం మొదటి మార్గం. కార్మికసంఘం బేరమాడి, కుదరకపోతే సమ్మె చేసి ఒప్పందం సాధించడం రెండవది. ఈ రెండూ కాక, యజమానుల ప్రతినిధులు, ఉద్యోగుల ప్రతినిధులు సరిసమాన సంఖ్యలో కూర్చుని చర్చించి నిర్ణయించే కమిషన్ మూడవది. పొత్తు కుదరకపోతే మధ్యవర్తి దగ్గరకు వెళ్తారు. సమ్మె ఉండదు, లాకౌట్ కూడా ఉండదు. రోగికి సేవ చేసే చోట యజమాని, పనివాడు అన్న విభజనే లేదని, అందరూ కలిసి ఒకే సేవాసముదాయమని దీనికి చెప్పే ధర్మసూక్ష్మం. సేవాసముదాయానికి జర్మన్‌లో వాడే డీన్‌స్ట్‌గెమైన్‌షాఫ్ట్ అనే మాట బైబిలులోది కాదు. 1934లో నాజీ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం చేసిన చట్టంలో ఆ మాట ఉంది. కార్మికసంఘాలు రద్దయిన తరువాత, కార్యాలయమంతా ఒకే కుటుంబమని చెప్పిన చట్టం అది. యుద్ధానంతరం చర్చి ఆ మాటలో వేరే అర్థం నింపింది కనుక ఆ పాత భావజాలాన్ని దానికి అంటగట్టడం న్యాయం కాదు. అయినా మాట వచ్చిన దారి గుర్తుంచుకోదగినదే.

ఈ వ్యవస్థలో జీతాలు తక్కువని అనుకుంటే పొరపాటు. కారితాస్ మార్గదర్శకాలు ప్రభుత్వరంగపు వేతన ఒప్పందాన్ని దగ్గరగా అనుసరిస్తాయి. ప్రైవేటు వృద్ధాశ్రమాలకంటే కారితాస్ వృద్ధాశ్రమంలో నర్సుకు మెరుగైన జీతం, మెరుగైన పింఛను దొరకడం మామూలే. మరయితే లోపమేమిటి? ప్రభుత్వరంగంలో కార్మికసంఘాలు సమ్మె చేసి సాధించిన ఫలితాన్ని కమిషన్ తెచ్చుకుని వాడుకుంటుంది. ఆ ఫలితం పుట్టిన చోట సమ్మె లేకపోతే అనుసరించడానికి ఏముంటుందన్న ప్రశ్నకు మూడవ మార్గంలో జవాబు లేదు. పని ఆపగల శక్తి లేనివాడు బల్లకు అటువైపు ఎంతమందితో కూర్చున్నా అది అడుక్కోవడంలాంటిదేనని జర్మన్ కార్మిక న్యాయస్థానాలు సమ్మె హక్కును గురించి ఎన్నడో గుర్తించాయి. నెల్-బ్రౌనింగ్ కూడా 1970ల చివర్లో రాసిన వ్యాసాలలో సేవాసముదాయమన్న భావనను గట్టిగా ప్రశ్నించాడు. చర్చి తత్వాన్ని తమదిగా భావించని వేలాదిమందిని జీతానికి పెట్టుకుని, వారందరూ ఒక ఆధ్యాత్మిక సముదాయమని ప్రకటించడం పొసగదన్నది అతని ఆక్షేపణ. పోపుకు విశ్వలేఖ రాసిపెట్టినవాడే ఈ మాట అన్నాడు కనుక దాన్ని బయటివారి నింద అని తోసిపుచ్చడం కష్టం.

రోగుల ప్రాణాలతో చెలగాటమాడకూడదు కనుక సమ్మె వద్దన్న వాదనకు ఆసుపత్రి లోపలినుంచి చూస్తే అంత బలం కనిపించదు. 2006లో జర్మనీ విశ్వవిద్యాలయ ఆసుపత్రుల, మునిసిపల్ ఆసుపత్రుల వైద్యులు మార్బుర్గర్ బుండ్ సంఘం నాయకత్వంలో నెలల తరబడి సమ్మెలు చేశారు. అత్యవసర విభాగం, ఐసీయూ, ప్రసవాలు, ఆగకూడని శస్త్రచికిత్సలు నడవడానికి ముందే రాతపూర్వకంగా ఏర్పాటు చేసుకున్నారు. వాయిదా వేయదగినవే వాయిదా పడ్డాయి. కాథలిక్ ఆసుపత్రి రోగి మునిసిపల్ ఆసుపత్రి రోగికంటే సుకుమారుడు కాడు.

ఈ మినహాయింపుకు భారతదేశంతో పోలిక ఉపయోగపడుతుంది. మన రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలను నడుపుకునే హక్కునిచ్చింది. చూడటానికి వైమార్ అధికరణానికి దూరపు చుట్టంలా ఉంటుంది. కాని 1978లో బెంగళూరు నీటిసరఫరా సంస్థ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు ఆసుపత్రులను, ధర్మసంస్థలను కూడా కార్మిక వివాదాల చట్టపు పరిధిలోకి తెచ్చింది. 1986లో ఢిల్లీలోని ఫ్రాంక్ ఆంథొనీ పాఠశాల ఉద్యోగుల కేసులో తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, మైనారిటీ పాఠశాలల ఉపాధ్యాయులను జీతభత్యాల రక్షణ నుంచి మినహాయించిన నిబంధన చెల్లదన్నారు. ఉపాధ్యాయుడికి న్యాయమైన జీతం ఇవ్వవలసిరావడం వల్ల సంస్థ మైనారిటీ స్వభావానికి భంగమేమీ రాదన్నది ఆ తీర్పు సారాంశం. ఆచరణలో మన దేశపు మిషన్ ఆసుపత్రులలో, పాఠశాలలలో ఈ హక్కులు ఎంతవరకు దక్కుతున్నాయన్నది వేరే కథ. సూత్రం విషయంలో మాత్రం జర్మనీ వెళ్ళిన దారి, భారతదేశం వెళ్ళిన దారి వేరు.

జర్మనీలో చర్చి హక్కు జీతాల బల్లతో ఆగలేదు. ఉద్యోగి ఇంట్లోకి కూడా వెళ్ళింది. 1979లో ఎస్సెన్ నగరపు కాథలిక్ ఆసుపత్రిలోని ఒక వైద్యుడు, గర్భస్రావ చట్టంపై చర్చి వైఖరిని విమర్శించే బహిరంగలేఖ మీద సంతకం పెట్టాడు. ష్టెర్న్ పత్రికలో అది అచ్చయింది. అతని ఉద్యోగం పోయింది. మరొక చోట కాథలిక్ యువజన వసతిగృహంలో లెక్కలు రాసే గుమాస్తా చర్చి సభ్యత్వం వదులుకున్నాడు. అతని ఉద్యోగమూ పోయింది. జర్మనీలో చర్చి సభ్యత్వం అధికారిక నమోదు; ఆదాయపు పన్ను మీద 8 లేక 9 శాతం చర్చి పన్నుగా ప్రభుత్వమే వసూలుచేసి ఇస్తుంది. సభ్యత్వం వదులుకోవడమంటే ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళి సంతకం చేయడం. కనుక యజమానికి తెలియకుండా ఉండదు. కింది న్యాయస్థానాలు ఈ ఇద్దరి పక్షాన నిలిచాయి. 1985 జూన్ 4న కార్ల్స్‌రూలోని రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పులను కొట్టివేసింది. ఉద్యోగి ఏ మేరకు విశ్వాసపాత్రుడుగా ఉండాలో నిర్ణయించే కొలబద్ద చర్చిదేనని, న్యాయస్థానాలు దాన్నే తీసుకోవాలని చెప్పింది. తరువాతి 30 ఏళ్ళు ఆ తీర్పు నీడలోనే గడిచాయి. 1993లో జర్మన్ బిషప్‌లు చేసిన మౌలిక నియమావళి ప్రకారం కాథలిక్ ఉద్యోగి విడాకుల తరువాత మళ్ళీ పెళ్ళాడటం బర్తరఫుకు తగిన అపరాధమయింది.

ఎస్సెన్‌లోనే ఒక చర్చిలో ఆర్గన్ వాయిస్తూ గాయకబృందాన్ని నడిపే సంగీతకారుడు 1994లో భార్యనుంచి విడిపోయాడు. తమ తండ్రికి మళ్ళీ బిడ్డ పుట్టబోతోందని అతని పిల్లలు కిండర్‌గార్టెన్‌లో చెప్పారు. ఆ మాట చర్చి పెద్దలకు చేరింది. 1997లో ఉద్యోగం ఊడింది. స్ట్రాస్‌బుర్గ్‌లోని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం 2010 సెప్టెంబరు 23న అతని కుటుంబజీవిత హక్కును జర్మన్ న్యాయస్థానాలు తగినంత తూచి చూడలేదని తీర్పు చెప్పింది. సంగీతకారుడికి మరో చర్చి తప్ప మరో ఉపాధి ఎక్కడ దొరుకుతుందన్నది కూడా ఆ తూకంలో ఉండవలసింది.

డ్యుసెల్‌డార్ఫ్ వైద్యుడి కేసు ఇంకా దీర్ఘమైనది. 2000 నుంచి అక్కడి సెయింట్ విన్సెంట్ ఆసుపత్రిలో అంతర్గత వైద్యవిభాగానికి ప్రధాన వైద్యుడు. కాథలిక్కు, కాథలిక్ విధిలోనే వివాహం జరిగింది. 2005లో భార్యాభర్తలు విడిపోయారు. తరువాత మరొకరితో సహజీవనం చేశాడు. ఆ సంగతి యాజమాన్యానికి తెలుసు, ఏమీ అనలేదు. విడాకులు వచ్చాక 2008 ఆగస్టులో ఆమెను రిజిస్టరు పెళ్ళి చేసుకున్నాడు. 2009 మార్చిలో బర్తరఫు నోటీసు వచ్చింది. పెళ్ళి లేకుండా కలిసి ఉంటే సహించిన యాజమాన్యం పెళ్ళి చేసుకుంటే తీసివేయడం మామూలు బుద్ధికి తలకిందులుగా తోస్తుంది. చర్చి నియమానికి లోపలి తర్కం లేకపోలేదు: మొదటి వివాహ సంస్కారం విడదీయరానిది, రెండవ పెళ్ళి దానికి బహిరంగ ధిక్కారం. అయితే అదే ఆసుపత్రి సంస్థలో ప్రధాన వైద్యులుగా ఉన్న ప్రొటెస్టంటులకు ఈ నియమం లేదు. వాళ్ళు విడాకులు తీసుకుని మళ్ళీ పెళ్ళాడినా ఎవరి ఉద్యోగానికీ ముప్పు రాలేదు.

కార్మిక న్యాయస్థానాలు మూడు మెట్లలోనూ వైద్యుడినే గెలిపించాయి. చివరి మెట్టు ఎర్‌ఫుర్ట్‌లోని ఫెడరల్ కార్మిక న్యాయస్థానం, 2011లో. చర్చి కార్ల్స్‌రూకు వెళ్ళింది. రాజ్యాంగ న్యాయస్థానం 2014 అక్టోబరులో 1985 నాటి మాటనే మళ్ళీ చెప్పి తీర్పును రద్దుచేసి ఎర్‌ఫుర్ట్‌కు తిప్పి పంపింది. ఎర్‌ఫుర్ట్ న్యాయమూర్తులు ఈసారి లక్సెంబుర్గ్‌లోని ఐరోపా సమాఖ్య న్యాయస్థానాన్ని అడిగారు. ఉద్యోగాలలో వివక్షను నిషేధించే 2000 నాటి సమాఖ్య ఆదేశానికి ఇది సమ్మతమేనా అన్నది ప్రశ్న. 2018 సెప్టెంబరు 11న జవాబు వచ్చింది. మతసంస్థ తన ఉద్యోగినుంచి విశ్వాసం కోరవచ్చు. కాని ఆ కోరిక ఆ ప్రత్యేకమైన పనికి నిజంగా అవసరమై, న్యాయసమ్మతమై ఉండాలి. అవునో కాదో చర్చి ఒక్కటే తేల్చకూడదు, న్యాయస్థానం పరీక్షించాలి. రోగులను చూడటానికీ, విభాగాన్ని నడపటానికీ వివాహం విషయంలో కాథలిక్ భావన అవసరమని కనబడటం లేదు. అదే పనిని కాథలిక్కులు కానివారికి అప్పగించడమే అందుకు నిదర్శనం. 2019 ఫిబ్రవరి 20న ఎర్‌ఫుర్ట్ న్యాయస్థానం బర్తరఫు చెల్లదని చివరిగా తేల్చింది. నోటీసు అందిన నాటినుంచి పదేళ్ళు.

ఆ తీర్పు తరువాత పాత నియమావళి నిలబడటం కష్టమయింది. దానికి తోడు మరి రెండు ఒత్తిళ్ళు వచ్చాయి. 2022 జనవరిలో చర్చి ఉద్యోగాలలో, సేవలలో ఉన్న 125 మంది తాము స్వలింగ ప్రియులమనో, తమ లింగ అస్తిత్వం వేరనో ఒకేసారి బహిరంగంగా ప్రకటించుకున్నారు. అందరినీ తీసివేయడం ఎవరివల్లా కాదు. రెండవది, నర్సుల కొరత. ఆ ఏడాదే 5 లక్షల 20 వేలకు పైగా జర్మన్లు కాథలిక్ చర్చి సభ్యత్వం వదులుకున్నారు. కాథలిక్ జీవితం గడిపే కాథలిక్కులనే ఏరుకుంటూ కూర్చుంటే వార్డులు మూతపడతాయి. 2022 నవంబరు 22న బిషప్‌లు కొత్త మౌలిక నియమావళిని ఆమోదించారు. ఉద్యోగి అంతరంగిక జీవితం, దాంపత్యం, లైంగికత ఇకపై ఉద్యోగ విషయాలు కావని, సంస్థ కాథలిక్ స్వభావానికి బాధ్యత ఉద్యోగి పడకగది మీద కాక సంస్థ నడిపేవారి మీద ఉందని అది అంగీకరించింది. చర్చి సభ్యత్వం వదులుకోవడం, చర్చికి వ్యతిరేకంగా పనిచేయడం మాత్రం అపరాధాలుగానే మిగిలాయి. మంచి మార్పే, కాని కెటెలర్ 1869లో ఒఫెన్‌బాక్‌లో అడిగినవి పడకగది సంగతులు కావు. మూడవ మార్గం, ఉద్యోగుల మండలి, సమ్మె విషయాలలో కొత్త నియమావళి పాతదానికంటే ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు. 2012 నవంబరులో ఎర్‌ఫుర్ట్ న్యాయస్థానం, కమిషన్లలో కార్మికసంఘాలకు తగిన స్థానమిచ్చి, ఫలితానికి యజమానులు తప్పక కట్టుబడేటట్టయితేనే సమ్మె నిషేధం చెల్లుతుందని చెప్పింది. ఆ మేరకు చర్చిలు తమ నియమాలను సవరించుకున్నాయి. సమ్మె నిషేధం ఉండిపోయింది.

మూడవ మార్గం తనవారినే కాక ఇతరులను కూడా ఎలా తాకుతుందో 2021లో తెలిసింది. కరోనా మొదటి సంవత్సరంలో వృద్ధాశ్రమాల నర్సుల కోసం జనం బాల్కనీలలో చప్పట్లు కొట్టారు. ఫెర్‌డి కార్మికసంఘం, యజమానుల సంఘం ఒకటి కలిసి ఆ రంగానికి ఒక వేతన ఒప్పందం కుదుర్చుకున్నాయి. కార్మికమంత్రి హుబెర్టుస్ హైల్ దాన్ని దేశమంతటా, ముఖ్యంగా కార్మికసంఘం అడుగుపెట్టలేని ప్రైవేటు వృద్ధాశ్రమాలకు, తప్పనిసరి చేయాలనుకున్నాడు. చర్చిల స్వయంప్రతిపత్తిని గౌరవిస్తూ చేసిన చట్టం ప్రకారం అందుకు కారితాస్, డియాకొనీ కమిషన్ల అంగీకారం కావాలి. 2021 ఫిబ్రవరి 25న కారితాస్ కమిషన్‌లో ఉద్యోగుల పక్షం అనుకూలంగా ఉన్నా, యజమానుల పక్షం ఒప్పుకోలేదు. తీర్మానం పడిపోయింది. డియాకొనీ ఇక ఓటుకు కూడా పెట్టలేదు.

కారితాస్ యజమానుల భయం కల్పితం కాదు. తమ జీతాలు ఆ ఒప్పందానికంటే ఎక్కువ. తక్కువ అంకె దేశమంతటికీ కొలమానమైతే, డబ్బు చెల్లించే బీమానిధులు ఎక్కువ జీతానికి డబ్బివ్వడం మానేస్తాయని వారు అనుకున్నారు. చర్చి ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు నడిచేది చర్చి పన్నుతో కాదన్న సంగతి ఇక్కడ గమనించాలి. ఆసుపత్రి నిర్వహణ ఖర్చు ఆరోగ్య బీమానిధులనుంచి, భవనాల, పరికరాల ఖర్చు రాష్ట్రప్రభుత్వాలనుంచి వస్తుంది. మునిసిపల్ ఆసుపత్రికి వచ్చినట్టే. ఆ భయం నిజమే అయినా, తమ ఉద్యోగుల జీతాన్ని కాపాడుకోవడానికి, అంతకంటే తక్కువ జీతానికి వేరేచోట పనిచేస్తున్న లక్షలాదిమంది నర్సుల జీతం పెరగకుండా ఆపవలసివచ్చింది. వారిలో అత్యధికులు స్త్రీలు, చాలామంది వలసవచ్చినవారు. కాథలిక్ విశ్వవిద్యాలయాలలో సామాజిక నీతి బోధించే ఆచార్యులు కొందరు బహిరంగంగా ఖండించారు. వారు ఎదురు నిలిపింది మార్క్స్‌ను కాదు, పోపుల విశ్వలేఖలను. 1971లో రోములో సమావేశమైన బిషప్‌ల మహాసభ, లోకానికి న్యాయం బోధించదలచినవారు ముందుగా లోకం దృష్టిలో న్యాయవంతులై ఉండాలని, చర్చిలో పనిచేసేవారి వేతనం కూడా అందులో భాగమని చెప్పింది. 1986లో అమెరికా బిషప్‌లు ఆర్థిక న్యాయంపై రాసిన లేఖలో మరింత విడమరిచి, చర్చి సంస్థలలోని ఉద్యోగులకు సంఘం పెట్టుకుని బేరమాడే హక్కును పూర్తిగా గుర్తించాలన్నారు. వృద్ధాశ్రమాల విషయంలో చివరికి ప్రభుత్వమే వేరే దారి వెదుక్కుంది: 2022 సెప్టెంబరు నుంచి, ఏదో ఒక వేతన ఒప్పందం స్థాయిలోనో చర్చి మార్గదర్శకాల స్థాయిలోనో జీతమిచ్చే సంస్థకే బీమానిధులతో ఒప్పందం దొరుకుతుంది.

2021 చివర్లో ఏర్పడిన సంకీర్ణ ప్రభుత్వం, చర్చి కార్మికచట్టాన్ని దేశచట్టానికి ఎంతవరకు దగ్గరచేయవచ్చో చర్చిలతో కలిసి పరిశీలిస్తామని తన ఒప్పందంలో రాసుకుంది. పరిశీలన ముగియకముందే, 2024 నవంబరులో, ప్రభుత్వమే కూలిపోయింది. న్యాయస్థానాలలో గాలి కూడా కొంత మళ్ళింది. డియాకొనీ సంస్థ ఒకటి 2012లో ఒక తాత్కాలిక ఉద్యోగానికి క్రైస్తవులే కావాలని ప్రకటించగా, ఏ మతమూ లేని ఒక మహిళ దరఖాస్తు పెట్టి, ఇంటర్వ్యూకు కూడా పిలవకపోవడంతో దావా వేసింది. లక్సెంబుర్గ్ సూత్రం ప్రకారం ఎర్‌ఫుర్ట్ ఆమెకు దాదాపు రెండు నెలల జీతం పరిహారంగా ఇప్పించింది. 2025 అక్టోబరులో వెలువడిన తీర్పులో కార్ల్స్‌రూ దాన్ని రద్దుచేసింది. సమాఖ్య న్యాయస్థానం పెట్టిన పరీక్షను తిరస్కరించకుండానే, ఆ పరీక్షలో చర్చి స్వీయదృష్టికి మరింత బరువివ్వాలని చెప్పి కేసును వెనక్కి పంపింది.

అదే సంవత్సరం వెస్ట్‌ఫాలియాలోని లిప్‌ష్టాట్‌లో మరో వివాదం తలెత్తింది. అక్కడి ప్రొటెస్టంటు ఆసుపత్రి, కాథలిక్ ఆసుపత్రితో విలీనమయింది. విలీనపు షరతులలో భాగంగా, తల్లి ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు తప్ప గర్భస్రావాలు చేయరాదని స్త్రీవైద్య విభాగపు ప్రధాన వైద్యుడికి యాజమాన్యం ఆదేశమిచ్చింది. పిండానికి తీవ్రమైన లోపాలున్నాయని తేలిన సందర్భాలలో ఆయన అప్పటివరకు ఆ చికిత్స చేస్తున్నాడు. ఆయన సొంత క్లినిక్‌లో చేసే పనికి కూడా ఆ ఆదేశం వర్తిస్తుందన్నారు. ఆయన కోర్టుకు వెళ్ళాడు. 2025 ఆగస్టు 8న హామ్ కార్మిక న్యాయస్థానం యజమానికి ఆ అధికారం ఉందని తీర్పునివ్వగా, ఆయన పైకోర్టులో అప్పీలు చేశాడు. ఇక్కడ యజమాని పట్టించుకున్నది వైద్యుడి పెళ్ళి సంగతి కాదు, అతని మతం కూడా కాదు. జర్మన్ చట్టం శిక్షించని, వైద్యశాస్త్రం అంగీకరించిన చికిత్సను రోగి కోరినప్పుడు చేయాలా వద్దా అన్నది. అతను కాథలిక్కు కాకపోయినా, హైదరాబాదునుంచి వెళ్ళిన హిందువే అయినా ఆదేశం అదే. కొత్త మౌలిక నియమావళిలో దీనికి అడ్డుచెప్పే వాక్యమేదీ లేదు.